తడిబట్టల ప్రమాణం

"ఎముక అనే మాట లేకుండా చీటీ రాయండి డాక్టరమ్మా. గుండె అని రాయండి, ఊపిరితిత్తులని రాయండి, మీ ఇష్టం. ఎముక మాత్రం వద్దు."

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి, రక్తం జబ్బులు చూసే గది. ఐరాల పక్క పల్లె నుంచి వచ్చిన భారతమ్మ కుర్చీ అంచున కూర్చుని డాక్టర్ ప్రశాంతిని బతిమాలుతోంది. భర్త మునిరత్నాన్ని ఎక్స్‌రేకని చక్రాల కుర్చీలో తీసుకుపోయారు. ఆయన వచ్చేలోపు ఈ మాట తేల్చుకోవాలని ఆమె పంతం. ఏడాదిగా ఊరి నోళ్ళలో నానీ నానీ ఆమెకు మనుషులంటేనే రోత పుట్టింది. అందుకే ఆమె బతిమాలినా తిట్టినట్టే ఉంది.

"ఉన్న జబ్బు పేరు మార్చి ఎట్లా రాస్తానమ్మా? దీన్ని మల్టిపుల్ మైలోమా అంటారు. ఎముక లోపల మూలుగ ఉంటుంది కదా, మన రక్తం తయారయ్యేది అక్కడే. అందులో ఒక రకం కణాలు చెడిపోయి, చేలో కలుపు మాదిరి పెరిగి ఎముకల్ని తొలిచేస్తాయి. క్యాన్సర్‌లో ఇదొక రకం."

"క్యాన్సరని రాసుకోండి. దానికి నాకేం బాధ లేదు."

"అందరూ క్యాన్సర్ అంటే భయపడతారు. మీరేందమ్మా, ఎముక అంటే భయపడుతున్నారు?"

"మా ఊర్లో క్యాన్సరు శానామందికి వచ్చింది. వాళ్ళనెవురూ ఏమీ అనలేదు. అయ్యో అన్నారు, అరటిపండ్లు తెచ్చిచ్చినారు. మా ఆయప్పకి ఎముకలు పుచ్చినాయని తెలిస్తే అయ్యో అనరు. అనుకున్నంతా అయ్యిందంటారు."

"ఎవరంటారు?"

"ఎవురనరో అడగండి, అది సెప్పేది సులువు."

"నాకు అర్థం కాలేదు భారతమ్మా. మొదటినుంచి చెప్పండి."

"మొదలంటే మా మరిది కొడుకు సెయ్యి. మునిచంద్ర, డిగ్రీ సదివే పిల్లోడు. మా ఇంటెనక సెనక్కాయల సేనుకీ వాళ్ళ సెరుకు తోటకీ నడాన గట్టు. అడివి పందులకని ఎవురో ఆ గట్టు మింద కరెంటు తీగ లాగినారు. పిల్లోడు తెల్లారకముందే నీళ్ళు కట్టను పొయ్యి దాని మింద పడినాడు. పానం దక్కింది గానీ, కుడిసెయ్యి మోసేతి కాడికి తీసేసినారు."

"అయ్యో."

"తీగ దొరకలేదు. ఊరంతా ఎతికినారు. మా మరిది సుబ్రమణ్యం, ఆ తీగ మా అన్నే ఏసినాడన్నాడు. ఈయప్ప, నేను ఎయ్యలేదన్నాడు. పోలీసులు, కోర్టులంటే రెండిండ్లూ మునిగిపోతాయని పెద్దమనుషులు కాణిపాకం ప్రమాణం అన్నారు. మీకు తెలుసునో లేదో."

"తిరుపతిలో పుట్టినదాన్ని, తెలీకపోవడమేంది. అబద్ధం చెప్తే స్వామి ఊరుకోడంటారు."

"తడిబట్టల్తో స్వామికి ఎదురుగా నిలబడి, ఆ తీగ నేను ఎయ్యలేదని సెప్పినాడు మా ఆయప్ప. గొంతు వొణకలేదు. నేను పక్కనే ఉంటిని గదా. బయటికి వస్తానే మా తోడికోడలు, ఆ పిల్లోని తల్లి అలివేలమ్మ మన్ను తీసి ఎగజల్లింది. అబద్ధమాడినోని ఎముకలు పుచ్చిపోను, పుచ్చి పిండి రాలిపోను అనింది. అంతమంది జనం ముందర."

"ఎముకలనే అన్నదా?"

"ఎముకలనే. కండ్లు పోను అనుంటే నాకు ఈడ మిమ్మల్ని బతిమాలే పని లేకపోయుండు."

"ఓహో. అందుకని నొప్పి దాచిపెట్టుకున్నారు."

"నేను దాయలేదమ్మా, ఆయప్పే. కట్టుకున్న పెండ్లానికి కూడా సెప్పలేదు. నడుము వొంగకపోతే సెప్పులు కాలితోనే ఎతుక్కోని తొడుక్కున్నాడు. వీపు రుద్దుతానంటే వద్దన్నాడు. ఐరాలలో మందు కొంటే ఊరికి తెలుస్తాదని సిత్తూరు బస్సెక్కి పొయ్యి, ఎవురో ఊరూపేరూ లేనోని దగ్గిర నొప్పి సూదులు పొడిపిచ్చుకోనొచ్చినాడు. కాయల బేరానికి పోతాండానని నాతో సెప్పె. నేను సద్ది కట్టి పంపితిని. తలుసుకుంటే నా మీద నాకే అసయ్యంగా ఉండాది."

"ఆ సూదులే ఇప్పుడు మూత్రపిండాల మీద పడ్డాయి. జబ్బు చేసే చేటు కొంత, అవి చేసిన చేటు కొంత."

"ఇంగ ఊర్లో వాళ్ళ సంగతి. పలకరించను వస్తారు, కూసోరు. ఆయప్ప లేసి నిలబడతాడా లేదా అని సూస్తారు. ఒగాయన పనిగట్టుకోని రూపాయి బిళ్ళ కింద పడేసి, అన్నా తీసియ్యి అన్నాడు. వొంగతాడో లేదో సూడను."

"ఛీ. తీసిచ్చారా?"

"తీసిచ్చినాడు. తీసిచ్చి నవ్వినాడు గూడా. పక్కటెముక ఆ పొద్దే ఇరిగుంటాది. తువ్వాలు నోట్లో కుక్కోని పండుకున్నాడు. ఏమయ్యా అంటే పంటి నొప్పి అన్నాడు. ఇంగొగామె వచ్చి, నడుము గట్టిపడతాది, ఉడుం కూర తినిపిచ్చమనె. ఇంగొగామె, ఎందుకైనా మంచిది, స్వామికి తప్పయ్యిందని దండం పెట్టుకోండి అనె. ఆ ఎందుకైనా మంచిది అనే మాట వింటే నాకు సెప్పు తీసుకోని కొట్టాలనిపిస్తాది. మా తోడికోడలిది ఎదురిల్లే. దినాము ముగ్గేసేటప్పుడు నవ్వు మొగంతో అడగతాది, అక్కా, బావకి నడుమెట్లుండాది అని. మనుషులేనా వీళ్ళు."

"మీ మరిది?"

"వాడు రాలేదు. రానోడే మేలు. పిల్లోడు మాత్రం వచ్చినాడు, మునిచంద్ర. సొక్కా సెయ్యి మడిసి పిన్నీసు పెట్టుకోని వచ్చి, పెదనాయనా బాగుండావా అన్నాడు. ఈయప్ప గోడ పక్కకు తిరుక్కోని పండుకున్నాడు. ఎంత మండుంటాది సెప్పండి, అంత నింద ఏసినాక."

"పిల్లవాడు నింద వేయలేదు కదమ్మా."

"వాని నాయన ఏసినాడు గదా. అందరూ ఒగటే రగతం."

తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీ లోపలికి వచ్చింది.

"రండి మునిరత్నం గారూ. ఎక్స్‌రే బల్ల మీద పడుకుంటే నొప్పి పుట్టిందా?"

"లేదు మేడమ్. బాగుండాను."

"బాగుండాడంట. సూడండి, పెదివి కొరుక్కోని బాగుండాడంట."

"ఏమ్మే, నువ్వు ఊరకుండు. మేడమ్, ఇంగ మేము పోతాము. ఇప్పుడు బయల్దేరితే పొద్దు గూకేలోగా ఊరు సేరుకుంటాము."

"జబ్బు ఏందో మీకు తెలుసా?"

"మూలుగ తీసిన డాక్టరు సెప్పినాడు. ఎముకల్లో పురుగు పడిందని."

"పురుగు కాదు. కణాలు చెడిపోయినాయి. మీతో ఉన్నమాట చెప్తాను. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ అణిచిపెట్టొచ్చు. వారానికొకసారి పొట్ట మీద చర్మం కింద సూది, కొన్ని బిళ్ళలు. ఎముకలు గట్టిపడేదానికి వేరే మందు, అది మొదలుపెట్టే ముందు పండ్ల డాక్టరు ఒకసారి చూడాలి. నీళ్ళు ఎంత తాగాలో నేను చెప్తాను. ఆ నొప్పి సూదుల జోలికి మాత్రం ఇంక పోకూడదు. ఇట్లా మందు తీసుకుంటా కాపురాలు చేసుకునేవాళ్ళు, సేద్యం చూసుకునేవాళ్ళు ఉన్నారు. నెలకొకసారి ఈడనే అందరూ కలుస్తారు, ఇంటోళ్ళతో సహా. మీరూ వచ్చి కూర్చోండి. మీరు అడగాలనుకుని అడగలేనివి వాళ్ళే చెప్తారు."

"మందు తీసుకోకపోతే?"

"మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోతాయి. వెన్నుపూస ఒకటి ఇప్పటికే కుంగింది. ఇంకొంచెం కుంగితే కాళ్ళు పడిపోవచ్చు. నెలల తరబడి ఆగే జబ్బు కాదు, ఈ వారమే మొదలుపెట్టాలి."

"అయితే వద్దు."

"ఏం వద్దు?"

"మందు వద్దు మేడమ్. ఇంటికి పోతాము."

"ఎందుకు వద్దో చెప్పండి. సూదంటే భయమా?"

"ఊరికే."

"ఊరికే సస్తాడంట. నేను సెప్తాను వినండి డాక్టరమ్మా. వారం వారం తిరపతి బస్సెక్కితే ఊర్లో అడగతారు. అడిగితే సెప్పాల. సెప్తే అలివేలమ్మ టెంకాయ కొడతాది. అదీ ఈయప్ప బాధ. పానం పోయినా పర్లేదు, తమ్ముని ముందర తల వొంచకూడదు. ఏమయ్యా, నిజం సెప్పినోడివి, నీకెందుకు ఈ బాధ?"

"ఏమ్మే."

"ఏం ఏమ్మే? నీ నడుము ఇరిగితే నేను ఎత్తల్లా, నీ పేరు పోతే నేను మొయ్యల్లా. ఏడాదిగా మోస్తాండాను. నా మొగుడు అబద్ధం ఆడడని ఎంతమందితో కొట్లాడింటి. నీళ్ళ కొళాయి కాడ కొట్లాడితిని, రేషనంగడి కాడ కొట్లాడితిని. మా అన్న కూతురు పెండ్లిలో విస్తరి ముందర నుంచి లేసొస్తిని. నువ్వు ఒగ మాట అనవు. గోడ పక్కకి తిరుక్కుంటావు."

"మేడమ్ ముందర ఎందుకే ఇయ్యన్నీ."

"ఉండండి, ఇద్దరూ ఉండండి. నాకొక సంగతి కావాలి. ఆ ప్రమాణం ఎప్పుడు చేశారు?"

"పోయినేడు, ఉగాది దాటినాక."

"అంతకు ముందు ఎప్పుడైనా ఈయనకు రక్తం తక్కువుందని ఎవరైనా అన్నారా? నీరసం, ఆయాసం, అట్లాంటివి?"

"అనకేం. అంతకు ముందేడు హెర్నియా ఆపరేషనుకని పోతే, ఒంట్లో రగతం లేదు, పట్టినాక రాపొమ్మని ఎనక్కి పంపేసినారు. బీట్‌రూట్ తినమన్నారు. ఇంట్లో ఎప్పుడు సూసినా బీట్‌రూటే."

"తిన్నాక పెరిగిందా?"

"యాడ పెరిగె. నాలిక ఎర్రగయ్యింది గానీ మొగం తెల్లగనే ఉండె. ఒంటేలుకు పోతే నురగ నురగగా వస్తాదని సెప్పింది గూడా అప్పుడే. గుర్తుండాదా అయ్యా?"

"గుర్తుండాది."

"అదేనమ్మా. అదే ఈ జబ్బు. అప్పటికే లోపల ఉంది. ఎముకల స్కానింగులో నేను చూసినన్ని గుంతలు ఏడాదిలో పడేవి కావు. ఈయన గుళ్ళో తడిబట్టలతో నిలబడిన నాటికే మూలుగలో కలుపు మొలిచింది. ఆ మన్ను ఎగజల్లిన ఆమె నోటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"ఏమంటిరి? ఇంగొగసారి సెప్పండి."

"ప్రమాణానికి ముందే జబ్బు ఉంది."

"ఇంటివా అయ్యా? ముందే ఉండాదంట. ఇంటివా? థూ, ఆ ఊరి మొగాన. ఏడాది పొడుగునా నన్ను మాటల్తో పీక్కతినిరి గదా. ఇప్పుడు అందరినీ నిలబెట్టి సెప్తాను. ఆ రూపాయి బిళ్ళ యెదవని పిలిసి సెప్తాను. అలివేలమ్మ ముగ్గేసేటప్పుడు నేనే ఎదురుపొయ్యి సెప్తాను, మీ బావకి ఎముకల జబ్బేనమ్మా, నీ శాపానికి ముందునుంచే ఉండాదంట, ఎగజల్లిన మన్ను కడుక్కో అని. ఎముకలనే రాయండి డాక్టరమ్మా, నాకింగ బాధ లేదు. ఏమయ్యా, ఏంది ఆ మొగం? నిన్ను నిర్దోషి అంటాండారు."

"మేడమ్."

"చెప్పండి మునిరత్నం గారూ."

"ప్రమాణానికి ముందే ఉండాదంటారు."

"ముందే."

"ఖాయమా?"

"ఖాయమే."

"అయితే స్వామికి ముందుగానే తెలుసు."

"ఏం తెలుసండీ?"

"నేను అబద్ధం సెప్తానని."

"ఏమంటివి?"

"ఏం లేదు."

"ఏమంటివో మళ్ళా అను."

"తీగ నేనే ఏసినాను భారతీ."

"యాడ ఏస్తివి నువ్వు? ఆ రేయి ఇంట్లోనే పండుకోనుంటివి గదా. నేనే పెద్దమనుషుల ముందర సెప్తిని, ఈయప్ప నా పక్కనే ఉన్నాడని."

"నువ్వు నిద్రపోయినాక పోతిని. పందులు సేనంతా దున్ని పోస్తాండె. తెల్లారకముందే తీసేద్దామనుకుంటిని. మళ్ళా వచ్చి పండుకుంటే కన్ను మూతపడిపోయింది."

"తీగ దొరకలేదు గదా. యాడా దొరకలేదు గదా."

"బాయిలో ఉండాది."

"ఏ బాయిలో?"

"మన ఎండిపోయిన బాయిలో."

"ఎప్పుడు ఏస్తివి?"

"పిల్లోడు అరిస్తే నేనే గదా ముందు పోయింది."

"అవును. నేను దాన్ని గూడా ఊరంతా సెప్పుకుంటిని. పెదనాయన గాబట్టి గుండె కొట్టుకులాడి ఉరికినాడని."

"పొయ్యి మోటారు కాడ ఫీజు పీకేసినాను. తీగ సుట్టినాను. బాయిలో ఏసినాను. ఆ ఎనక పిల్లోని దగ్గిరికి పోయినాను."

"ముందు తీగ సుట్టినావు."

"ఊ."

"వాడు ఆడ పడుండగా."

"ఊ."

"వానికి తెలివుండెనా అప్పుడు?"

"కండ్లు తెరిసే ఉండె. సూసినాడో లేదో తెలీదు. ఇంటికొచ్చి పెదనాయనా బాగుండావా అంటాడు. సూసి అంటాడో, సూడక అంటాడో తెలీదు. అందుకే గోడ పక్కకు తిరుక్కునేది."

"భారతమ్మా, కూర్చోండి. ఇదుగో నీళ్ళు తాగండి."

"వద్దు డాక్టరమ్మా."

"భారతీ, ఇంటికి పోదాం పద. ఇది స్వామి ఏసిన శిక్ష. నేను పడతాను. మందు పోసుకోని స్వామి సేతికి అడ్డం పడను."

"మునిరత్నం గారూ, నా మాట వినండి. ఈ జబ్బు అబద్ధం ఆడినవాళ్ళకీ వస్తుంది, ఆడనివాళ్ళకీ వస్తుంది. పోయిన వారమే ఒక పూజారికి చెప్పాను. మీరు చేసింది వేరే, దాని గురించి నేను మాట్లాడను. జబ్బుకు మాత్రం మందు ఉంది."

"ఆయప్పకి మందు గావాలా ఏమన్నానా డాక్టరమ్మా. శిక్ష గావాలంట. వింటాండారా? మంచం మింద పండుకోని, నా సేత ఎత్తిచ్చుకోని దించిచ్చుకోని, పాడె ఎనక ఊరంతా ఏడ్సుకుంటా నడిసేటట్టు సచ్చిపోతాడంట. దానికి శిక్ష అని పేరు. మునిచంద్ర వచ్చి, ఉండే ఒగ సేత్తో మన్నెయ్యల్ల ఈయప్ప మింద. నేను బొట్టు సెరుపుకోని, నా మొగుడు సత్యవంతుడని సచ్చేదాకా కొట్లాడల్ల. ఆ పొద్దు తీగ సుట్టుకోని పోయినట్టే ఇప్పుడూ పోతాండాడు. అంతే."

"అట్ల గాదు భారతీ."

"నన్ను పేరు పెట్టి పిలవద్దు."

"నువ్వే సెప్పేయి వాళ్ళకి. నాకు శాత గాదు."

"నేను సెప్పను. నీ మాటలు నా నోటితో ఏడాది సెప్తిని, సాలు. ఇంగ నీ నోరు నువ్వే తెరుసుకో."

"అమ్మా, ఒక్క నిమిషం. మందు సంగతి మీరు ఒప్పుకుంటే తేలేది కాదు. మునిరత్నం గారూ, మీరే చెప్పాలి. మందు మొదలుపెట్టమంటారా?"

"పెడితే బతుకుతానా మేడమ్?"

"మందు పనిచేస్తే కొన్నేండ్లు బతుకుతారు. చాలామంది బతుకుతున్నారు."

"నడుస్తానా?"

"నడుస్తారు. మెల్లగా, నడుముకి బెల్టు పెట్టుకుని నడుస్తారు."

"అదే మేడమ్ నాకు భయం. ఎదురిల్లే. నడిస్తే వాడు ఎదురొస్తాడు. అన్నేండ్లు ఆ సెయ్యి సూస్తా ఎట్ల బతికేది?"

"అట్లనే బతికేది. ఊ అను. మొదలుపెట్టండి డాక్టరమ్మా. వానికి నిజం సెప్పేదాకా ఈ మనిషి బతకాల. సెప్పినాక ఇంగా ఎక్కువ బతకాల."